ఇద్దరూ మనవాళ్లే, మాటలే రెండు

2016 వేసవి. తొగుట, కొండపాక మండలాల్లో ఇంటింటా ఒకటే పంచాయితీ. యాభై టీఎంసీల మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ వంటి ఊళ్లు మునగబోతున్నాయి. 2015 జులై 30 నాటి 123 జీవో ప్రకారం సర్కారుతో ధర మాట్లాడుకుని భూమి రాసిచ్చెయ్యడమా, 2013 భూసేకరణ చట్టం ప్రకారమే తీసుకొమ్మని పట్టుబట్టడమా? ప్రాజెక్టు ఎలాగూ ఆగదు, వచ్చింది తీసుకొమ్మని మేనమామ అంటాడు. సంతకం పెడితే పనైపోయినట్టేనని చదువుకున్న కొడుకు అంటాడు. ఇద్దరూ ఇంటి మేలు కోరేవాళ్లే. ఇన్నేళ్లూ ఇద్దరి మాటకూ ఆ ఇంట్లో విలువ ఉంది.

అటువంటి రాత్రి ఇంటి పెద్ద దేవుడి ముందు నిలబడి దారి చూపమని అడిగితే, ఆలోచన మొదలైనట్టా, ఆగిపోయినట్టా?

సిద్దిపేటలో ఈ ప్రశ్న మీద ఇద్దరికి ఎప్పుడూ పడదు. ఒకరు రిటైరైన హెడ్మాస్టరమ్మ. సీఎస్ఐ చర్చికి వెళ్తారు, రోజూ పొద్దున్నే బైబిలు తెరుస్తారు. రెండో ఆయన కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు. దేవుడంటే నమ్మకం లేదు, పురాణాలంటే ప్రాణం. ఆమెను ఆయన 'అక్కా, మీరు' అంటాడు. ఆమె 'తమ్మీ, నువ్వు' అంటుంది. కోమటి చెరువు కట్ట మీద పొద్దుటి నడక ఇద్దరికీ అలవాటు. వాదన పుట్టిందంటే నడక సగంలో ఆగుతుంది.

మొదలుపెట్టేది ఎప్పుడూ వకీలే.

"అక్కా, ప్రార్థన జేసుకునుడు తప్పని నేనంటలేను. గని మనిషికి కాగితం సదివే ఓపిక లేనప్పుడే దేవుడు యాదికొస్తడు. సలహాలు రెండు తీర్లుగ ఎందుకొస్తయి? ఒకాయనకు తెలిసింది ఇంకొకాయనకు తెల్వకపాయె. లేకుంటే అండ్ల ఆయనకేదో లాభమో, భయమో ఉండె. ఇద్దర్నీ కూసోబెట్టి రెండే ప్రశ్నలు అడగాలె. ఈ సంగతి నీకెట్ల తెలుసు? నేను నీ మాట ఇనకుంటే నీకేం పోతది? సగం తగాద ఆడనే తెగుతది."

భూమి సంగతినే ఆయన ఉదాహరణగా విప్పుతాడు. 2013 చట్టం ప్రకారం గ్రామాల్లో మార్కెట్ విలువను ఒకటి నుంచి రెండు రెట్ల దాకా హెచ్చిస్తారు. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం కలుపుతారు. పునరావాసం లెక్క వేరుగా ఉంటుంది. సామాజిక ప్రభావ అంచనా కూడా జరగాలి. 123 జీవో దారిలో ఇంత తతంగం లేదు. ధర మాట్లాడుకోవడం, కొనుక్కోవడం. "ఈ రెండు కాగితాలు పక్కపక్కన వెట్టి సదివితే మేనమామ మాట బరువెంతో, కొడుకు మాట బరువెంతో తెలుస్తది. నడుమ దేవునికేం పని?"

"కాగితం సదవొద్దని ఏ ప్రార్థన చెప్పింది తమ్మీ?" అంటుంది హెడ్మాస్టరమ్మ. "నీ కోర్టు సంగతే చూద్దాం. 2016 ఆగస్టుల సింగిల్ జడ్జి 123 జీవోను కొట్టేసిన్రు. అదే నెలల డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది. చట్టం చదువుకున్నోళ్లే, చూసింది అదే జీవో. ఒక నెలల రెండు మాటలు. మరి నాలుగెకరాల రైతు ఎవరి మాట పట్టుకోవాలె?"

వకీలు నవ్వి ఊరుకుంటాడు. ఆమె ఊరుకోదు.

"వేములఘాట్‌ల 2016 జూన్‌ల రిలే దీక్షలు మొదలై ఏడాది దాటినయి. ఆ టెంటు కింద కూసున్నోళ్లకు ఎకరానికెంత అనేది ఒక్కటే లెక్క కాదు. నేను సంతకం పెడితే పక్కింటోని బలం తగ్గుతది. పెట్టకుంటే బిడ్డ పెండ్లి ఆగుతది. మేనమామ బిడ్డ పెండ్లి గురించి మాట్లాడుతున్నడు, కొడుకు ఊరి గురించి మాట్లాడుతున్నడు. ఇద్దరికీ అన్ని సంగతులు తెలుసు, ఇద్దర్ల ఎవరికీ మోసం లేదు. నీ రెండు ప్రశ్నలు వేసినా తగాద తెగదు. అప్పుడు మనిషి తన దిక్కు తిరిగి చూసుకోవాలె. నేను దేనికి భయపడుతున్న, దేని మీద ఆశపడుతున్న అని. ఆ చూసుకునుడును నేను దేవుని ముంగట చేస్త."

మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ముంపు ఊళ్లవాళ్లకు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లిలో కాలనీ కట్టారు. ఎవరి సలహా సరైనదో ఆ రిజర్వాయరు ఇప్పటికీ తేల్చలేదు. తేల్చలేని ప్రశ్న కాబట్టే ఆమె ఆ ఉదాహరణను వదలదు.

బైబిల్లో తనకు బాగా పనికొచ్చే కథ రెహబాముదని హెడ్మాస్టరమ్మ అంటుంది. మొదటి రాజుల గ్రంథం పన్నెండో అధ్యాయం. సొలొమోను చనిపోయాక కొడుకు రెహబాము పట్టాభిషేకానికి షెకెముకు వెళ్తాడు. మీ నాయన మోపిన బరువు తగ్గించమని జనం అడుగుతారు. అతడు మూడు రోజుల గడువు తీసుకుంటాడు. తండ్రి కొలువులో పనిచేసిన పెద్దలు మెత్తగా మాట్లాడమంటారు. తనతో కలిసి పెరిగిన కుర్రవాళ్లు ఇంకా బిగించమంటారు. అతడు కుర్రవాళ్ల మాట పట్టుకుంటాడు. పది గోత్రాలు చీలిపోయి యరొబాము వెనక నడుస్తాయి.

"నీ పద్ధతిల చూస్తే ఆయన అన్నీ సక్కగనే జేసిండు తమ్మీ. గడువు తీసుకున్నడు, రెండు దిక్కులా అడిగిండు. ఆ మూడు దినాలల్ల దేవుణ్ణి అడిగినట్టు మాత్రం ఆ అధ్యాయంల ఏడ లేదు. వాళ్ల నాయన గిబియోనుల ఏం కోరుకున్నడు? ఆయుష్షు కాదు, సొమ్ము కాదు, మంచీచెడూ తెలిసే బుద్ధి. కొడుక్కు రాజ్యం వచ్చింది, ఆ కోరిక రాలె."

"దేవుణ్ణి అడిగుంటే పెద్దోళ్ల మాట ఇంటుండెనా?" వకీలు వెంటనే అందుకుంటాడు. "నాకు నమ్మకం లేదక్కా. ఆ కుర్రోళ్ల మాటనే దేవుని మాటని చెప్పుకునేటోడు. అప్పుడు ఎదురుచెప్పే పెద్దోళ్ల నోరు సుత మూతపడేది."

ఆమె దీనికి వెంటనే జవాబు చెప్పదు. ఈ లోపల వకీలు రామాయణంలోకి దిగుతాడు.

వాల్మీకి యుద్ధకాండలో విభీషణుడు సముద్రపు ఒడ్డుకు వచ్చి శరణు కోరిన ఘట్టం ఆయనకు కంఠతా వచ్చు. రాముడు అందరినీ అడుగుతాడు. సుగ్రీవుడు శత్రువు తమ్ముణ్ణి నమ్మవద్దు, చంపమంటాడు. గుణదోషాలు తూచి చూడమంటాడు అంగదుడు. శరభుడు గూఢచారిని పంపమంటాడు. రాకూడని చోటికి, రాకూడని వేళ వచ్చాడని జాంబవంతుడు శంకిస్తాడు. మైందుడు నెమ్మదిగా ప్రశ్నలు వేయమంటాడు. చివరికి హనుమంతుడు ఒక్కొక్కరి సలహాలోని ఇబ్బంది చూపిస్తాడు. ఉన్నట్టుండి గూఢచారిని పంపితే ఏం తేలుతుంది? వచ్చీరాగానే నిలదీస్తే మంచివాడు కూడా నొచ్చుకుంటాడు. ముఖంలో కపటం లేదు, మాటలో తడబాటు లేదు. వాలి పోయి సుగ్రీవుడికి రాజ్యం రావడం చూసి, తనకూ లంక దక్కుతుందన్న ఆశతో వచ్చి ఉంటాడని కూడా అంటాడు.

"చూసిన్రా? దేవుడని మీరందరు మొక్కేటాయన సుత ఆడ జపం జేయలె. సభ వెట్టిండు. అందర్నీ మాట్లాడనిచ్చిండు. హనుమంతుడు వకీలు లెక్క వాదించిండు."

"మొక్కేది మీరు తమ్మీ, నన్ను కలపకు" అని ఆమె నవ్వుతుంది. "సరే, మీ కథనే చూద్దాం. హనుమ వాదనకు రాముడు ఒప్పుకున్నడా? హనుమ చెప్పినంక సుగ్రీవుడు మల్ల అడ్డం తిరిగిండు గద. అప్పుడు రాముడేమన్నడు? శరణన్నోన్ని విడిచిపెట్టనన్నడు. ఆఖరికి రావణుడే వచ్చినా సరేనన్నడు. అంటే విభీషణుడు మంచోడా కాదా అనే తగాదనే పక్కకు వెట్టిండు. తనెవరో యాది చేసుకున్నడు."

"అది నియమం. ప్రార్థన కాదు."

"నియమం అందరికీ ఉంటది. భయమైనప్పుడు యాదికుండుడే కష్టం. పొద్దున్నే నేను మోకాళ్ల మీద ఉండేది దానికే."

వకీలు భగవద్గీత దగ్గరికి వస్తాడు. అర్జునుడికి దేవుడే సారథి. అయినా మూడో అధ్యాయం మొదట్లోనే, కలగలిపి మాట్లాడి తికమక పెట్టకుండా ఒక్కటి తేల్చి చెప్పమని నిలదీస్తాడు. అక్కడి నుంచి పద్దెనిమిదో అధ్యాయం దాకా సాగుతుంది. అంతా చెప్పి చివర కృష్ణుడు చేసేదేమిటి? బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమంటాడు. "దేవుడే ఎదురుంగ ఉన్నా నిర్ణయం తిరిగి మనిషి చేతులనే పెట్టిండు. మరి కనవడని దేవుణ్ణి అడిగి మీకొచ్చేదేంది?"

"మనిషి చేతుల పెట్టినప్పుడు ఆ చేతులు వణకకుండ ఉండుడు" అంటుంది ఆమె.

ఇక చీట్ల సంగతి. వకీలుకు ఇదంటే ఒళ్లుమంట.

"మన ఇండ్లల్ల జరిగేది చూడుండ్రి అక్కా. పిల్లల నోటుబుక్కుల నుంచి చింపిన కాగితం. ఒక ముక్క మీద 'ఇయ్యాలె', ఇంకో ముక్క మీద 'ఇయ్యొద్దు'. రెండూ ఒక్క తీరుగ ఉండలు జుట్టి, పసుపు రాసిన గిన్నెల ఏసి, ఏం తెల్వని ఐదేండ్ల పిల్లతోని తీపిస్తరు. నచ్చని చీటీ వస్తే 'మూడు మాట్ల తీద్దాం, రెండు మాట్లు ఏదొస్తే అదే' అంటరు. దేవునికి సుత సప్లిమెంటరీ పరీక్ష!"

ఆమె చీట్లను వెనకేసుకొస్తుందని ఆయన అనుకున్నాడు. ఆమె రాలేదు. "డిసెంబర్ 31 రాత్రి మా చర్చిల వాగ్దానపు చీట్లు తీస్తం. ఏడాదంతా ధైర్యానికి ఒక వాక్యం. ఆ వాక్యం పట్టుకుని పొలం అమ్మాల్నా వద్దా అని తేల్చుకుంటే నేను తప్పనే అంట. యేసును పట్టిచ్చిన యూదా జాగల మత్తీయను చీట్లు వేసే ఎన్నుకున్నరు, అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయంల. రెండో అధ్యాయంల పెంతెకొస్తు నాడు పరిశుద్ధాత్మ దిగొచ్చింది. తర్వాత ఆ పుస్తకంల చీట్లు మల్ల కనవడవు."

ఇప్పుడు అడ్డం తిరగడం వకీలు వంతు. "జర ఆగుండ్రి. చట్టం సుత చీట్లేస్తది. ఎన్నికలల్ల ఇద్దరికీ సమానం ఓట్లొస్తే లాటరీ తీస్తరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంల ఉన్నది. సర్పంచి ఎన్నికలల్ల మనం చూస్తనే ఉన్నం."

"ఆడ ఓట్లన్నీ లెక్కపెట్టినంక, సమానమని తేలినంక తీస్తరు. ఇండ్లల్ల లెక్కపెట్టకముందే తీస్తున్నరు" అంటుంది హెడ్మాస్టరమ్మ. ఈ ఒక్క పాయింటు మీద ఇద్దరూ ఏ పేచీ లేకుండా ముందుకు నడుస్తారు.

కొమురవెల్లి మాట వచ్చినప్పుడు ఆమె గొంతు కొంచెం మెత్తబడుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో మల్లన్న దగ్గరికి వచ్చే కుటుంబాలను చూడమంటుంది. ఒగ్గు పూజారి పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడితో నేల మీద పట్నం వేస్తుంటే ఇంటిల్లిపాది చుట్టూ కూర్చుంటారు. "నా దేవుడు వేరు, మల్లన్న వేరు. గని ఆ సేపు అన్నదమ్ములు పంచాయితీ ఆపుతరు. ఎవరికి వాళ్లు లోపల సర్దుకుంటరు. ఆ ఆగుడు విలువ నీకెందుకు కనవడది?"

"ఆగుతరు. బస్సెక్కినంక మల్ల షురూ జేస్తరు" అంటాడు వకీలు.

ఆయన దగ్గర ఉన్న గట్టి ఆయుధం బైబిల్లో దొరికిందే. అపొస్తలుల కార్యాలు 21వ అధ్యాయం. పౌలు యెరూషలేముకు బయల్దేరతాడు. తూరు పట్టణంలో శిష్యులు ఆత్మ ప్రేరణతోనే వెళ్లవద్దంటారు. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన చేతులు, కాళ్లు కట్టుకుని చూపిస్తాడు, నిన్ను ఇలాగే బంధిస్తారని. అందరూ ఏడ్చి బతిమాలతారు. పౌలు మాత్రం, తనను నడిపిస్తున్నది కూడా ఆత్మేనని అంతకుముందే చెప్పి ఉన్నాడు.

"వద్దన్నోళ్లకూ ఆత్మే చెప్పింది, పోతనన్నోనికీ ఆత్మే చెప్పింది. ఒక్క దేవుడు, రెండు సలహాలు. ఇగ ప్రార్థనతోని ఏం తేలినట్టు అక్కా?"

ఆమె చెరువు వైపు చూస్తూ చాలా సేపు మాట్లాడదు. తర్వాత నెమ్మదిగా విడదీస్తుంది. అగబు చెప్పింది జరగబోయేది. వెళ్లవద్దని అతడు అనలేదు. వెళ్లవద్దన్నది ఆ మాట విని భయపడ్డ స్నేహితులు. "వార్త నిజమే. వార్తకు తగిలించిన సలహా మాత్రం వాళ్ల ప్రేమ, వాళ్ల భయం. మనకొచ్చే ప్రతి సలహాల ఈ రెండూ కలిసే ఉంటయి. విడదీసుకునే బుద్ధి ఇయ్యమని అడుగుడే నా ప్రార్థన. తూరు వాళ్ల మాట దగ్గర మాత్రం నాకు సుత చిక్కే ఉన్నది, దాస్తలేను. గని ఒకటి చూడు. పౌలు ఇననప్పుడు వాళ్లు ప్రభువు చిత్తమని ఊకున్నరు. కైసరయ శిష్యులు కొందరు ఆయన వెంట యెరూషలేం దాక పోయిన్రు. సలహా ఇనకున్నా సోపతి విడవలె."

వకీలు ఈ చివరి మాటకు తల ఊపుతాడు, వాదన మాత్రం ఆపడు. అంతర్వాణి అనేది ప్రమాదమని ఆయన పట్టు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్‌కు నిప్పుపెట్టి పోలీసులను చంపాక గాంధీ శాసనోల్లంఘన ఆపేశాడు. ఆపడమే మంచిదన్నాడు మదన్ మోహన్ మాలవీయ. జైల్లో ఉన్న మోతీలాల్ నెహ్రూ, లజపతిరాయ్ మండిపడ్డారు. గుంటూరు జిల్లా పెదనందిపాడులో రైతులు నడిపిన పన్నుల నిరాకరణ కూడా ఆ నెలలోనే ఆగింది. 1933 మేలో 21 రోజుల ఉపవాసానికి పూనుకున్నప్పుడు, లోపలి గొంతు చెప్పిందన్నాడు. దగ్గరివాళ్లు ఎంత వద్దన్నా వినలేదు. "సాక్షిని బోనెక్కించి అడుగొచ్చు. అంతర్వాణిని ఎట్ల క్రాస్ చేయాలె?"

"అంతర్వాణిని అడగలేం, అది ఇన్నోన్ని అడుగొచ్చు. 1922ల ఆయన కారణాలన్నీ రాసి యంగ్ ఇండియాల అచ్చేసిండు. తిట్టేటోళ్లు తిట్టిన్రు. దేవుడు చెప్పిండని చెప్పి కారణం మాత్రం చెప్పనన్నోన్ని నేను సుత నమ్మ."

రెహబాము గురించి వకీలు వేసిన ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు ఇదే. ప్రార్థన తర్వాత కూడా ఎదురుప్రశ్నకు చోటు ఉండాలి. ఎదుటివాడి నోరు మూయించడానికి దేవుడి పేరు వాడితే, ఆ మనిషి అడగకముందే తేల్చేసుకున్నాడని ఆమె లెక్క.

ఇద్దరి మధ్య అప్పుడప్పుడు వచ్చే మరికొన్ని పద్ధతులు ఉన్నాయి. స్పెయిన్‌లోని మన్రేసాలో 1522లో ఇగ్నేషియస్ లొయోలా మొదలుపెట్టిన సాధనలు 1548లో అచ్చయ్యాయి. మనసు కుంగి ఉన్న రోజుల్లో, అంతకుముందు నిలకడగా చేసిన నిర్ణయాన్ని మార్చవద్దని అందులో నియమం. ముక్కూమొహం తెలియని మనిషి ఇదే చిక్కుతో వస్తే ఏం చెప్తావో ఊహించుకుని, అదే నువ్వు చెయ్యమని ఇంకో సూచన. ముస్లింల ఇస్తిఖారా నమాజులో రెండు రకాతులు చదివి, ఈ పని మేలైతే సులువు చెయ్యి, కీడైతే దూరం చెయ్యి అని వేడుకుంటారు. తెలిసినవాళ్లతో సంప్రదింపు దానికి జోడుగా సాగాలని ఆ సంప్రదాయం చెప్తుంది. క్వేకర్లది ఇంకో దారి. చిక్కులో ఉన్న మనిషి చుట్టూ కొందరు స్నేహితులు కూర్చుంటారు. వాళ్లు సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. జవాబు తోచేదాకా మౌనంగా ఉండాలి.

ఈ చివరిది వకీలుకు బాగా నచ్చింది. "సలహా ఇయ్యకుండ మన చుట్టాలు ఐదు నిమిషాలు కూసుంటరా అక్కా? అదే అసలైన అద్భుతం."

ఇంతకీ తేలిందేమిటి? ప్రార్థన వినేవాడు ఒకడున్నాడా అన్న చోట ఇద్దరూ అంగుళం కదల్లేదు. కదలరు కూడా. పని వరస దగ్గర మాత్రం ఇద్దరి మాటా ఒకటే. ముందు కాగితం చదవాలి. సలహా ఇచ్చిన ప్రతివాళ్లనూ ఏం తెలుసో, ఏం భయమో విడివిడిగా అడగాలి. తర్వాత మనసు నిమ్మళించేదాకా ఆగాలి. ఆమె ఆ సమయాన్ని ప్రార్థన అంటుంది, ఆయన నిద్ర అంటాడు. నిర్ణయం అయ్యాక, ఎవరి మాట పక్కన పెట్టామో వాళ్ల ఇంటికి మనమే వెళ్లి కారణం చెప్పాలి. ఊళ్లో ఇంకెవరి నోటో తెలిస్తే మేనమామ నొచ్చుకుంటాడు.

ఈ వాదనలో ఒక వైపు మొగ్గమంటే, వరస విషయంలో వకీలు వైపు, అవసరం విషయంలో హెడ్మాస్టరమ్మ వైపు మొగ్గాలి. కాగితం చదవకుండా చేసే ప్రార్థన బద్ధకానికి ముసుగవుతుంది. అన్నీ చదివి, అందరినీ అడిగి, తన భయం ఏమిటో చూసుకోనివాడు రెహబాము చేసిన పనే చేస్తాడు.

భూమి, ఆస్తి, పెళ్లి, విడాకులు వంటి వాటిలో రెండు సలహాల మధ్య నలిగేవాళ్లు సంతకం చేసేముందు డబ్బు ఖర్చు లేకుండా మూడో మాట వినవచ్చు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. తక్కువ ఆదాయం ఉన్న మిగతావాళ్లూ దానికి అర్హులే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ చేయాలంటే 15100.